లద్దాఖ్ చలిలో సొంత శక్తితో నడిచే చిన్న ఇల్లు: ప్యానెళ్ల కంటే ముందు చూడాల్సినవి

ప్రశ్న: మాది అచ్చంపేట. లేహ్ దగ్గర ఒక గ్రామంలో, సుమారు 3,500 మీటర్ల ఎత్తున, మా స్నేహితుడి కుటుంబానికి స్థలం ఉంది. ఏడాది పొడవునా ఉండేలా 16 అడుగులు, 13 అడుగుల కొలతతో ఒక గది కట్టాలనుకుంటున్నాం. వంట కూడా అందులోనే ఒక మూల. కరెంటు లైను లేదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, నాలుగంగుళాల స్లాబు, వాస్తు ప్రకారం ఉత్తరాన పెద్ద కిటికీ, తూర్పున ద్వారం అనుకున్నాం. 5 కిలోవాట్ల సోలార్, 10 యూనిట్ల లిథియం బ్యాటరీ, రెండు రూమ్ హీటర్లు పెడతాం. పాలమూరు మేస్త్రీలనే తీసుకెళతాం. ఇవి సరిపోతాయా?

జవాబు:

సరిపోవు. ప్యానెళ్లు రెట్టింపు చేసినా సరిపోవు. మీరు రాసింది అచ్చంపేటలో కట్టాల్సిన ఇల్లు. దాన్ని లారీలో ఎక్కించి లేహ్‌లో దింపినట్టుంది. నేను మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో విద్యుత్ పనులతో మొదలుపెట్టి, సోలార్ పంపుసెట్ల మీదుగా చలి ప్రాంతాల పనుల్లోకి వెళ్లినవాణ్ణి. మన వైపు నుంచి అక్కడికి వెళ్లేవాళ్లందరూ మొదట అడిగేది ఇదే: ఎన్ని కిలోవాట్లు పెట్టాలి? దానికి జవాబు చెప్పాలంటే ముందు మీ గది ఎంత వేడిని బయటికి పారబోస్తుందో లెక్క కట్టాలి.

లెక్క కష్టమైనదేమీ కాదు. మీ గదికి గోడలు సుమారు 40 చదరపు మీటర్లు, పైకప్పు 20, నేల 20, కిటికీలు ఒక 5 అనుకుందాం. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే మామూలు తొమ్మిదంగుళాల ఇటుక గోడల నుంచి దాదాపు 80 వాట్లు పోతాయి. స్లాబు నుంచి 70, ఒంటి గాజు కిటికీల నుంచి 27, నేల నుంచి 14, తలుపు సందుల్లోంచి దూరే గాలి వల్ల ఇంకో 25. మొత్తం 216 వాట్లు. జనవరిలో లేహ్‌లో రాత్రీ పగలూ కలిపి సగటు మైనస్ 7 అనుకుని, లోపల 18 డిగ్రీలు కావాలంటే తేడా 25 డిగ్రీలు. అంటే 5,400 వాట్లు, ఆగకుండా, ఇరవై నాలుగు గంటలూ. రోజుకు సుమారు 130 యూనిట్లు.

మీ 5 కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండ ఉన్న శీతకాలపు రోజున ఇచ్చేది ఇరవై యూనిట్లకు అటూ ఇటూ. రెండు వేల వాట్ల హీటర్లు రెండూ సాయంత్రం ఆరింటికి వేస్తే ఎనిమిదిన్నరకు మీ బ్యాటరీ ఖాళీ. అసలు చలి అప్పటికి ఇంకా మొదలే కాలేదు. ఓటికుండలో నీళ్లు నిలవడం లేదని ఇంకో పంపు బిగించుకోవడం లాంటి పని ఇది.

కాబట్టి మొదట గోడ సంగతి. ఇక్కడ మన అనుభవమే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాత పెంకుటిళ్ల మట్టి గోడలు రెండడుగుల మందం ఉంటాయి. మే నెల ఎండలో లోపలికి వెళితే ప్రాణం లేచి వస్తుంది. అందుకే మందపు గోడ కడితే లేహ్‌లోనూ వెచ్చగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. సగం నిజం. మందపు గోడ పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది. ఈలోగా రాత్రి చల్లగాలి వచ్చి ఆ గోడను చల్లార్చుతుంది. పగలు మనకు కావలసిన దానికంటే వేడి, రాత్రి దానికంటే చల్లన. ఈ ఊగిసలాటను గోడ సర్దుతుంది. లేహ్ శీతకాలంలో అలాంటి ఊగిసలాట ఉండదు. పగలూ చలే, రాత్రి మరీ చలి. నెలల తరబడి వేడి ఒకే దిక్కుకు, లోపలి నుంచి బయటికే పోతుంది. ఆ పోకను బరువు ఆపలేదు, కదలని గాలిని పట్టి ఉంచే తేలికైన పదార్థమే ఆపుతుంది. రెండడుగుల మట్టి గోడ ఒక్కటే ఉంటే, నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూది లాంటి పీచు) కట్టిన గోడతో పోలిస్తే దాదాపు మూడు రెట్ల వేడి పోగొడుతుంది.

అలాగని మట్టి గోడ వద్దనను. రెండూ కావాలి, వరుస మాత్రం ముఖ్యం. లోపలి వైపు బరువైన గోడ: పచ్చి ఇటుకో, దిమ్మిస కొట్టిన మట్టో. దాని బయట ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర. ఆ బయట వానకు, గాలికి తట్టుకునే పూత లేదా పలుచని రెండో గోడ. అప్పుడు పగటి ఎండ లోపలి గోడలో చేరి, రాత్రంతా గదిలోకే తిరిగి వస్తుంది. మన మేస్త్రీలకు చెప్పకపోతే గోడ కట్టేసి, లోపలి వైపు థర్మోకోల్ అంటించి, పైన పూత పూసేస్తారు. అలా చేస్తే గది త్వరగా వేడెక్కుతుంది, అంతే త్వరగా చల్లారుతుంది. మీరు కట్టిన బరువైన గోడంతా చలిలో బయటే నిలబడి ఉంటుంది. పైగా థర్మోకోల్ అంటుకుంటే వచ్చే పొగ విషం. వాడితే దాన్ని తప్పకుండా మట్టి పూత వెనక దాచాలి, పొయ్యి గొట్టం దరిదాపుల్లో ఉంచకూడదు.

రాక్‌వూల్ దొరక్కపోతే గడ్డి, రంపపు పొట్టు కూడా పనికొస్తాయి. రెండు గోడల మధ్య సందులో వీటిని కూరి కట్టే పద్ధతి లద్దాఖ్‌లో ఉన్నదే. ఎండు గడ్డినే వాడాలి, ఎలుకలు దూరకుండా చూడాలి, కాలం గడిచేకొద్దీ పొట్టు కిందికి కుంగి పైన ఖాళీ ఏర్పడుతుంది కనుక మళ్లీ నింపే దారి ఉంచాలి. మా మిర్యాలగూడ వాడిగా ఒక మాట చేర్చకుండా ఉండలేను. మిల్లుల దగ్గర గుట్టలు పడే వరి ఊక ఈ పనికి చాలా మంచి సరుకు. దానిలో సిలికా ఎక్కువ కావడం వల్ల త్వరగా కుళ్లదు, మంట కూడా భగ్గున లేవదు, వేడిని ఆపడంలో గడ్డికి తీసిపోదు. అయినా దాన్ని ఇక్కడి నుంచి లద్దాఖ్‌కు లారీలో తోలమని చెప్పను. కిరాయి డబ్బుతో అక్కడే రాక్‌వూల్ వస్తుంది. ఇక్కడ పొలంలో మీరు ఎప్పుడైనా రేకుల గది వేసుకుంటే మాత్రం పైకప్పు కింద ఊక నింపి చూడండి.

పైకప్పుకు గోడ కంటే రెట్టింపు మందం కావాలి, ఎనిమిదంగుళాలకు తగ్గకూడదు. నేల కింద కూడా నాలుగంగుళాలు వేయండి. మన వైపు ఈ ఊహే రాదు, బండలు చల్లగా ఉంటేనే మనకు హాయి. అక్కడ చల్లని బండల మీద కూర్చుంటే, పక్కన పొయ్యి మండుతున్నా ఒళ్లు వణుకుతుంది. కిటికీలకు రెండు పొరల గాజు, రాత్రి మూసేందుకు లోపల మందపు తెర లేదా చెక్క తలుపులు. ద్వారానికి ముందు చిన్న అర కట్టి రెండో తలుపు పెట్టండి, ఒకటి తెరిచినప్పుడు ఇంకొకటి మూసి ఉండాలి. ఇవన్నీ చేస్తే డిగ్రీకి 216 వాట్లు కాస్తా సుమారు 43కి దిగుతుంది. రోజుకు 130 యూనిట్ల అవసరం 26 అవుతుంది. ఒక్క ప్యానెల్ కూడా కొనకముందే అయిదింట నాలుగు వంతుల పని అయిపోయింది.

మిగిలిన 26 యూనిట్లలో పెద్ద భాగం సూర్యుడి దగ్గర ఉచితంగా దొరుకుతుంది. కానీ మీ వాస్తు కిటికీ దానికి అడ్డం.

నమ్మకాలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఉత్తరం, తూర్పు తెరిచి ఉంచి, దక్షిణం, పడమర బరువుగా మూసి కట్టడం మన ఎండలకు కొంతవరకు నప్పే పద్ధతే. నల్లగొండ సుమారు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు, కొన్నాళ్లు కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. లేహ్ 34 డిగ్రీల మీద ఉంది. డిసెంబరు 21 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు దక్షిణాన 32 డిగ్రీల ఎత్తు మాత్రమే ఎక్కుతాడు. అదే రోజు నల్లగొండలో 49 డిగ్రీలకు పైన ఉంటాడు. అంత కింద నుంచి వచ్చే ఎండ నిలువు కిటికీలోంచి సూటిగా లోపలికి పడుతుంది. నేల నుంచి ఏడడుగుల ఎత్తు వరకు గాజు ఉంటే మధ్యాహ్నం ఎండ పదకొండు అడుగుల లోపలికి, అంటే మీ గదిలో దాదాపు ఎదుటి గోడ దాకా వస్తుంది. ఉత్తరం కిటికీకి శీతకాలమంతా ఒక్క కిరణం రాదు. ఉన్న వేడిని బయటికి పంపడమే దాని పని. కాబట్టి 16 అడుగుల పొడవు వైపును దక్షిణానికి తిప్పండి. కిటికీలన్నీ అటే. ఉత్తరం గోడకు ఏ సందూ వద్దు, కుదిరితే ఆ వైపు గట్టుకు ఆనించి కట్టండి. తూర్పు ద్వారం అలాగే ఉండనివ్వండి, మీ పెద్దలకు ఆ తృప్తి మిగులుతుంది.

ఎండాకాలంలో ఆ గాజు వల్ల ఉడికిపోమా అని అడుగుతారు. జూన్ మధ్యాహ్నం అక్కడ సూర్యుడు దాదాపు 79 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కిటికీ పైన ఒకటిన్నర అడుగుల చూరు వేస్తే కిటికీ మొత్తం నీడలోకి వెళ్లిపోతుంది. అదే చూరు డిసెంబరులో అడుగు నీడ మాత్రమే వేస్తుంది. కిటికీ అంచును చూరుకు అడుగు కిందగా పెడితే ఆ నీడ కూడా గాజు మీద పడదు.

పడుకునే వైపు గోడకు ట్రోంబ్ గోడ పద్ధతి వాడవచ్చు. 1960ల్లో ఫ్రాన్స్‌లోని పిరనీస్ కొండల్లో ఫెలిక్స్ ట్రోంబ్ దీన్ని ఇళ్లకు వాడి చూపించడంతో ఆయన పేరు స్థిరపడింది. దక్షిణం వైపు అడుగు మందం మట్టి గోడకు బయట నల్ల రంగు వేసి, దాని ముందు నాలుగంగుళాల సందు విడిచి గాజు బిగిస్తారు. గోడ పగలంతా వేడిని తాగి, చీకటి పడ్డాక లోపలికి వదలడం మొదలుపెడుతుంది. పగలు కూర్చునే చోటికి కిటికీ, రాత్రి పడుకునే చోటికి ట్రోంబ్ గోడ అన్నమాట. ఎండాకాలంలో ఆ గాజు మీద తెర కప్పాలి. గోడలో గాలి రంధ్రాలు పెడితే రాత్రి వాటిని మూయాలి, లేకపోతే గాలి ఎదురు తిరిగి గదినే చల్లారుస్తుంది.

సామాను కొనేముందు ఒకసారి వెళ్లి చూడదగినది లేహ్ దగ్గర ఫే గ్రామంలోని సెక్మోల్ ప్రాంగణం. సోనమ్ వాంగ్‌చుక్, ఆయన సహచరులు 1988లో మొదలుపెట్టిన విద్యా సంస్థ అది. మట్టి గోడలు, దక్షిణాన గాజు, శీతకాలం వస్తే దక్షిణం గోడకు ఆనించి ప్లాస్టిక్ హరితగృహం, ఎండాకాలంలో ఆ ప్లాస్టిక్ చుట్టేయడం. బయట మైనస్ 15 ఉన్నప్పుడు లోపల 15 డిగ్రీల దగ్గర ఉంటుందని ఆ భవనాలకు పేరు. మీకు ఖరీదైన సామాను అమ్మడానికి వచ్చేవాడి మాట వినే ముందు అక్కడ ఒక సాయంత్రం గడపండి.

ఇక్కడ ఒక షరతు ఉంది. కొండల మధ్య లోయలో ఎండ లెక్క పుస్తకంలో ఉన్నట్టు ఉండదు. దక్షిణాన ఎత్తయిన శిఖరం ఉంటే డిసెంబరులో సూర్యుడు దాని వెనకే గడిపేస్తాడు. స్థలం మే నెలలో చూసి మురిసిపోయినవాళ్లు ఈ సంగతి డిసెంబరులో తెలుసుకుంటారు. మీ స్నేహితుణ్ణి డిసెంబరు మూడో వారంలో ఒకరోజు స్థలంలో నిలబడి, ఎండ ఎన్నింటికి తగిలిందో, ఎన్నింటికి పోయిందో రాసిపెట్టమనండి. నాలుగు గంటల కంటే తక్కువ అయితే ఆ స్థలంలో కట్టవద్దు. ఆ కుటుంబానికే కొంచెం అవతల ఇంకో భూమి చెక్క ఉంటే అడగండి, వంద గజాల దూరంలో కూడా లెక్క మారిపోతుంది.

ఎండ బాగా ఉన్న స్థలంలో, నాలుగు చదరపు మీటర్ల దక్షిణపు గాజు మబ్బు లేని రోజున 12 యూనిట్ల దాకా వేడి లోపలికి తెస్తుంది. ఇద్దరు మనుషుల ఒంటి వేడి, వంట వేడి కలిసి రెండు మూడు యూనిట్లు. హరితగృహమో, ట్రోంబ్ గోడో ఇంకొంత. మిగిలేది పది లోపే. దానికి చిన్న బుఖారీ, అంటే పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యి, చాలు, ఎండు కట్టె మూడు నాలుగు కిలోలు కాలిస్తే ఆ రోజు గడుస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో ఎనిమిది కిలోలు అవుతుంది. లద్దాఖ్‌లో కట్టె దుర్లభం, నాటి పెంచిన పోప్లర్, విల్లో చెట్లే దిక్కు, అందుకే పేడ పిడకలూ కాలుస్తారు. కట్టె అస్సలు వాడకుండా ఉండాలనే పంతం కొందరికి ఉంటుంది. నా అభిప్రాయంలో అది డబ్బు దండగ. సంవత్సరంలో ఓ ఇరవై చెడ్డ రోజుల కోసం ప్యానెళ్లూ బ్యాటరీలూ మూడింతలు చేయడం కంటే ఒక మూల కట్టెలు పేర్చుకోవడం మేలు. రాత్రి 18 డిగ్రీలు కావాలనే పట్టు కూడా వదలండి. మంచి రజాయి ఉంటే 12 డిగ్రీల్లో హాయిగా నిద్ర పడుతుంది.

బుఖారీ పెడుతున్నారు కనుక ఈ పేరా రెండుసార్లు చదవండి. గదిని గాలి దూరకుండా బిగించి, లోపల నిప్పు పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే మనుషులు పోతారు. బుఖారీకి పొగగొట్టం తప్పనిసరి. దాని మంటకు కావలసిన గాలి బయటి నుంచి వేరే గొట్టంతో నేరుగా పొయ్యిలోకి రావాలి. మంచం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి బిగించండి. పొగగొట్టం పైకప్పు దాటే చోట చుట్టూ ఇనుప తొడుగు, మంటకు లొంగని రాక్‌వూల్ ఉండాలి, గడ్డీ పొట్టూ అక్కడికి రాకూడదు. బొగ్గుల కుంపటి గదిలోకి తేవడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

ఇప్పుడు మీరు అడిగిన కరెంటు. వేడి బాధ్యత గోడకూ ఎండకూ అప్పగించాక కరెంటుకు మిగిలే పని చాలా చిన్నది. అయిదు ఎల్‌ఈడీ దీపాలు, రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ పెట్టె, చిన్న నీటి పంపు. అన్నీ కలిపి రోజుకు యూనిట్ లేదా యూనిట్‌న్నర. దానికి 1.5 నుంచి 2 కిలోవాట్ల ప్యానెళ్లు, 5 యూనిట్ల బ్యాటరీ చాలు, మూడు రోజులు ఎండ లేకపోయినా నడుస్తుంది. ఎవరూ చెప్పని లెక్క ఒకటి ఉంది. పెద్ద ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉంటేనే 50 వాట్లు తింటుంది. రోజుకు 1.2 యూనిట్లు, మీ ఇంటి వాడకమంత! దీపాలనూ పంపునూ నేరుగా బ్యాటరీ డీసీ మీద నడిపి, ల్యాప్‌టాప్ కోసం చిన్న ఇన్వర్టర్ పెట్టి, వాడనప్పుడు ఆపేయండి.

చలి ప్యానెల్‌కు మంచిదే. మన మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకు కాగి ఏడో వంతు శక్తి పోగొట్టుకుంటుంది, అక్కడ ఆ బాధ లేదు. అయితే చలిలో వోల్టేజీ పెరుగుతుంది. మన వైపు సోలార్ బిగించేవాళ్లకు ఈ అనుభవం ఉండదు. 49 వోల్టుల ప్యానెళ్లు మూడు వరుసగా కలిపితే లేబుల్ ప్రకారం 147. ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే చార్జ్ కంట్రోలర్ హద్దు 150 కదా, సరిపోయింది అనుకుంటారు. మైనస్ 20 డిగ్రీల తెల్లవారుజామున తొలి ఎండ తగలగానే అది 160 దాటుతుంది, కంట్రోలర్ కాలిపోతుంది. ఆ హద్దుకు రెండే కలపండి, లేదా 250 వోల్టుల కంట్రోలర్ కొనండి. ప్యానెళ్లను మన వైపు లాగా పదిహేను డిగ్రీలు వాల్చితే మంచు పేరుకుంటుంది. 60 డిగ్రీలు నిలబెట్టండి, కింది సూర్యుడికీ సరిపోతుంది, మంచూ జారిపోతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది. గడ్డకట్టే చలిలో చార్జింగ్ తానే ఆపే రక్షణ ఉన్నదే కొనండి, దాన్ని బయట వరండాలో కాకుండా గదిలోనే, నేలకు కాస్త ఎత్తున పెట్టండి. మన ఇళ్లలో వాడే ట్యూబులర్ బ్యాటరీ చవక అని తీసుకెళితే, అది డిస్చార్జ్ అయి ఉన్నప్పుడు మైనస్ 10 దగ్గరే లోపలి ద్రవం గడ్డకట్టి పగులుతుంది. మంచు పడితే రోడ్లు మూతపడతాయి కనుక ఫ్యూజులు, కనెక్టర్లు, ఒక చిన్న కంట్రోలర్ విడిగా ఇంట్లో ఉంచండి. గ్యాస్ సిలిండర్ కూడా బయట పెడితే పొద్దున మంట రాదు. దానిలోని బ్యూటేన్ అంత చలిలో సరిగా ఆవిరి కాదు.

నీటి గొట్టాల మీద డబ్బు ఎక్కువ పెట్టవద్దు. ట్యాంకు గది లోపలే ఉండాలి, బయటి గొట్టం వాలుగా వేసి రాత్రి పూర్తిగా ఖాళీ చేసే వీలుండాలి. మరుగుదొడ్డికి లద్దాఖీలు వాడే నీళ్లు లేని ఎరువు దొడ్డినే అనుసరించండి.

చివరగా మేస్త్రీల సంగతి. పాలమూరు చేతులు దేశమంతా ఆనకట్టలు కట్టాయి, పనితనం మీద నాకు అనుమానం లేదు. అక్కడి మట్టి పని తెలిసిన స్థానిక మేస్త్రీ ఒకరిని మాత్రం జత చేయండి. అది భూకంపాల ప్రాంతం, గోడల మూలల్లో, కిటికీల పైన చెక్క పట్టీలు ఎందుకు వేస్తారో అతనికి తెలుసు. స్లాబు ఆలోచన మానేసి, పోప్లర్ దూలాలు, విల్లో పుల్లలు, మట్టి కప్పు వేయండి, ఇన్సులేషన్ దాని పైన. పని మే నుంచి సెప్టెంబరు లోపు ముగించాలి. అయిదు డిగ్రీల కిందికి దిగితే సిమెంటు పని చెడుతుంది, తడి మట్టి గోడ ఆరకుండానే గడ్డకట్టి పగులుతుంది. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. పైకి చేరిన మొదటి రెండు మూడు రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వండి, ఆ రోజుల కూలీ కూడా లెక్కలో వేసుకోండి. తలనొప్పి, వాంతులు తగ్గకుండా ఆయాసం పెరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ ఎత్తున అన్నం మామూలు గిన్నెలో సరిగా ఉడకదు, నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి. బృందానికి సరిపడే పెద్ద ప్రెషర్ కుక్కర్ ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి.